రెండు నిలువుల అక్షరం

మా అమ్మ రోడ్డు మీద వేసిన గీతని ఇరవై రెండేళ్ళలో ఎవరూ చెరపమనలేదు. ఆ పేరు చెడగొట్టింది నేను. డిజైను కాలేజీలో మొదటి సంవత్సరం గట్టెక్కీ గట్టెక్కకుండా ఉన్న ఎండాకాలంలో, ఒక బడి గేటు ముందు, పట్టపగలు, నా చేత్తో కోసిన అచ్చుతో ఆ ఘనకార్యం చేశాను. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఆ సెలవుల గురించి ఎవరు అడిగినా నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను, అదీ కాస్త తల ఎగరేసి మరీ.

అంతకు మూడు వారాల ముందు కాలేజీలో నా తల వాలిపోయిన రోజు ఒకటుంది. ఏడాది చివర ఒక్కొక్కరం ఒక్కో పోస్టరు చేసి చూపించాలి. నేను చెట్ల మీద చేశాను. క్లాసంతా బాగుందన్నారు. మాకు అక్షర రూపాలు నేర్పే మేడం ఒకావిడ ఉన్నారు. అందరం ఆవిణ్ణి అక్షరాల మేడం అనేవాళ్ళం. ఆవిడ నా పోస్టరు ముందు కాసేపు నిలబడి, తన ఫోను తీసి ఒక్కొక్క బొమ్మా చూపించడం మొదలుపెట్టారు.

"ఈ ఆకు ఇక్కడిది. అవునా?"

"అవును మేడం."

"ఈ రంగులు ఇక్కడివి. అక్షరాలు ఇదిగో, ఈ పుస్తకం అట్ట మీదవి. మరి ఇందులో నీదేది?"

వెతికితే నాది అనదగ్గది కింద మూల రాసుకున్న నా పేరు ఒక్కటే కనిపించింది.

"చెయ్యి మంచిదే నీది. కళ్ళే అద్దెకి తెచ్చుకున్నావు," అన్నారావిడ. కోపంగా కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. "సెలవులయ్యేలోగా ఒక పుస్తకం నింపుకుని రా. ఫోన్లో చూసింది వద్దు, లైబ్రరీలో చూసింది వద్దు. నువ్వు వెళ్ళి, నిలబడి, చూసింది గీయి. అందులోంచి పుట్టిన మాట ఒక్కటి, ఒకే ఒక్కటి, అక్షరాల్లో తయారుచేసి చూపించు. నచ్చితే రెండో సంవత్సరం జాబితాలో నీ పేరుంటుంది. లేకపోతే ఇంకేదైనా చదువుకో. అందులో తప్పేం లేదు."

తప్పేం లేదంట. బొమ్మలు వేయడం తప్ప ఇంకేదీ చేతకాని దానికి, ఇంటికి ఎవరొచ్చినా "మా అన్న కూతురు పెద్ద ఆర్టిస్టు" అని చాటే బాబాయి ఉన్నదానికి, తప్పేం లేదంట.

ఇంటికొచ్చి పది రోజులు ఖాళీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. టీ కప్పు గీశాను, చించాను. కిటికీ గీశాను, చించాను. పక్కింటి పిల్లి గోడ మీద కాసేపు కదలకుండా కూర్చుని నాకు సాయపడదామని చూసింది, దాన్నీ చించాను. ఏది గీసినా ఎక్కడో చూసిన బొమ్మలాగే వచ్చేది. మంచి డిజైనర్లంతా పర్వతాలకీ సముద్రాలకీ వెళ్ళి స్ఫూర్తి తెచ్చుకుంటారని చదివాను. మా ఇంటి నుంచి వాటికి దారి లేదు.

"ఏంటే పొద్దున్నుంచీ ఆ కాగితం వైపు చూస్తావు? అదేమన్నా నీతో మాట్లాడుతుందా?" అంది అమ్మ.

విషయం చెప్పాను. సీటు సంగతి కూడా చెప్పాను. అమ్మ బూట్ల లేసులు కట్టుకుంటూ వింది.

"సుద్దక్క పురిటికెళ్ళింది. వ్యానులో చోటుంది. రేపు తెల్లారే లేచి నాతో రా."

"మరి నా పుస్తకం?"

"దాన్నీ రానీ. దానికేం బరువు."

మా అమ్మ రోడ్ల మీద గుర్తులు వేస్తుంది. నడిచేవాళ్ళు దాటే చారలు, బాణాలు, 'ఆగు', 'బడి', 'మెల్లగా' లాంటి మాటలు. ముగ్గురే మనుషులు. అమ్మ పెద్ద. బాబాయి వ్యాను నడిపి, వెనకాల పొయ్యి మీద రంగు కరిగిస్తాడు. సుద్దక్క సుద్ద పూసిన దారాన్ని రోడ్డు మీద బిగించి పట్టుకుంటుంది, దాన్ని లాగి వదిలితే నేల మీద తిన్నని గీత పడుతుంది. ఆమె అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో. నేను మాత్రం నా స్నేహితులతో, మా అమ్మ రోడ్ల పనుల్లో ఉంది అని, ఏదో ఆఫీసులో కుర్చీ వేసుకుని సంతకాలు పెడుతుందేమో అనిపించేలా చెప్పేదాన్ని. అబద్ధం కాదు. నిజమని కూడా ఒట్టేసి చెప్పలేను.

సెలవుల్లో బళ్ళ ముందు రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి వాళ్ళకి అప్పుడే పని ఎక్కువ. మొదటి వారం నేను దారం పట్టుకున్నాను. నడుం పట్టేసింది, ముక్కులోకి సుద్ద పోయింది, మోకాళ్ళు కాలాయి. పుస్తకంలో ఒక్క గీతా పడలేదు. పనికిరానివి చూడటానికి కూడా టైం దొరకలేదు.

కానీ ఒకటి మాత్రం కంట్లో నలుసులా పడింది. అమ్మ వేసే అక్షరాలు. దగ్గరగా నిలబడి చూస్తే ఒక్కొక్కటి రెండు నిలువుల పొడవుంటుంది, వెడల్పు చూస్తే నా మూర కంటే కాస్త ఎక్కువ. కొంగ కాళ్ళు. గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డులా కూడా లేవు, ఎవరో పైనా కిందా పట్టి లాగినట్టున్నాయి. ఏడాది పాటు కొలతలూ పొందికా నేర్చుకుని వచ్చిన నాకు, అది మా అమ్మ చేతి పని అని ఒప్పుకోవడం కష్టమైంది.

రెండో వారంలో 'మెల్లగా' అని అక్షరాలు కోసిన రేకు అచ్చు మీదకి బాబాయి వ్యానుని వేగంగా వెనక్కి తీశాడు. అచ్చు వంకర్లు పోయింది.

"వదినా, చూసుకోలేదు," అన్నాడు దిగి, తల గోక్కుంటూ.

"రాసినదాన్ని చదువుకున్నా సరిపోయేది," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "రేకు కొత్తది ఉంది. నీ చెయ్యి సన్నం, నువ్వే కోయి. పాతదాని కొలతలే."

నేను పాతదాని కొలతలు తీసుకోలేదు. రెండు రోజులు ఇంటి వసారాలో కూర్చుని, పొడవు సగానికి తగ్గించి, వంపులు నింపి, పుస్తకాల్లో ఉన్నంత అందంగా కోశాను. ఇన్నేళ్ళుగా ఎవరూ దిద్దని తప్పుని దిద్దుతున్నాననుకున్నాను. చదువు ఒక్క సంవత్సరమే అయింది గానీ పొగరు మాత్రం పట్టా పుచ్చుకుంది. పైగా ఇదే మేడంకి చూపించే మాట అని కూడా నిర్ణయించేసుకున్నాను. నలుగురూ తిరిగే రోడ్డు మీద నా అక్షరం, ఇంకేం కావాలి?

బడి గేటు ముందు దాన్ని పరిచాం. అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"వదినా, కొత్త అచ్చు కదా, చెయ్యెత్తుతావా?" అన్నాడు బాబాయి.

అది వాళ్ళ పద్ధతి. కొత్త అచ్చు ఏది వచ్చినా ముందు సుద్దతో గీస్తారు. అమ్మ నలభై అడుగులు వెనక వ్యానులో డ్రైవరు సీట్లో కూర్చుంటుంది. అక్కణ్ణుంచి చూసి, సరిగ్గా ఉందనిపిస్తే కిటికీలోంచి చెయ్యెత్తుతుంది. ఆ చెయ్యి లేచేదాకా రంగు పొయ్యరు.

"అవసరం లేదు బాబాయ్. లెక్క వేసే కోశాను," అన్నాను.

బాబాయి అమ్మ వంక చూశాడు. అమ్మ నా వంక చూసింది.

"అది చెబుతోందిగా. పోసెయ్యి," అంది.

పోశాం. వేడి తగ్గకముందే, బండ్ల దీపాలు పడితే మెరిసేలా గాజు రవ్వ చల్లాం. నేను వ్యాను పైకెక్కి ఫొటో తీసుకున్నాను. ఎంత బాగుందో. ఇప్పటికీ ఆ ఫొటో నా దగ్గరుంది, ఎప్పుడైనా నాకు నేను మరీ తెలివైనదాన్ననిపిస్తే తీసి చూసుకుంటాను.

మర్నాడు పొద్దున అమ్మ పని తనిఖీ చేసే ఇంజనీరు గారు వచ్చారు. ఆయన కారు బడి దాకా వచ్చి, దాటిపోయి, ఆగి, వెనక్కొచ్చింది.

"ఏంటమ్మా ఇది? పాలు ఒలికాయా? ఏం రాశారో తెలియడం లేదు నాకు."

నేను ఒకడుగు ముందుకి వేశాను. అమ్మ అంతకు ముందే వేసింది.

"కొలత నాదే తప్పిందండి. తీసేసి మళ్ళీ వేస్తాను."

"నువ్వు తప్పడమేంటమ్మా? ఇన్నేళ్ళలో నీ పనికి వంక పెట్టింది లేదు నేను."

"తప్పిందండి," అంది అమ్మ మళ్ళీ, అంతే మామూలుగా.

ఆయన ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. అమ్మ తిడుతుందని చూశాను. తిట్టలేదు. నా భుజం పట్టుకుని నడిపించుకెళ్ళి, వ్యానులో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, "చూడు" అంది.

ముందు నా అక్షరాలున్న చోట ఒక తెల్లటి పట్టీ ఉంది. అది మాట కాదు. నేల మీద ఎవరో తొక్కేసిన ఏదో. దానికి కొంచెం అవతల, అమ్మ ఎప్పుడో వేసిన 'బడి' ఉంది. దగ్గరకెళితే కొంగ కాళ్ళతో కనిపించేది. ఇప్పుడు ఆ కాళ్ళు మడుచుకుని, నిటారుగా, గోడ మీద రాసినంత పొందికగా నిలబడి ఉంది. కదిలే మనిషి కోసం, కూర్చున్న మనిషి కంటికి అందేలా, ఎంత లాగాలో అంత లాగి వేసిన అక్షరం. ఎన్ని వందల సార్లు ఆ రోడ్డు మీద నడిచానో. చూడలేదు.

అమ్మ వైపు తిరిగాను. "నీకు తెలుసు కదమ్మా. అచ్చు చుట్టూ రెండు సార్లు తిరిగావు. తెలిసి ఎందుకు పొయ్యమన్నావు?"

అమ్మ కిటికీ అంచు మీద చెయ్యి పెట్టుకుని రోడ్డు వైపు చూసింది.

"నువ్వు చదువుకుంటున్నావు. ఇన్నాళ్ళూ నేనే తప్పు వేశానేమో అనుకున్నా."

దెబ్బ కొట్టినా నాకు అంత నొప్పి పుట్టేది కాదు. వ్యాను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. బాబాయి దూరం నుంచి చూసి, హారను మోగుతుందేమోనని పరుగెత్తుకొచ్చాడు.

ఒక మాట పొయ్యడానికి గంట చాలు, తియ్యడానికి రెండు రోజులు పడుతుంది. మంట పెట్టి మెత్తబరిచి, పారతో గీకాలి. నా అరచేతులు బొబ్బలెక్కాయి. బాబాయి "ఆర్టిస్టు గారూ, కాస్త పక్కకి జరగండి" అంటూ నా వాటా కూడా గీకబోయాడు, నేను ఇవ్వలేదు. మధ్యాహ్నం నా చేతులకి అమ్మ తనే నూనె రాసింది.

ఆ రెండో రోజు సాయంత్రం నా పుస్తకంలో మొదటి బొమ్మ పడింది. వ్యాను అద్దంలోంచి కనిపించిన రోడ్డు. కింద ఒక వాక్యం రాసుకున్నాను: కన్ను ఎక్కడుంది? ఆ తర్వాత నా చెయ్యి ఆగలేదు. ఎవరు కనిపిస్తే వాళ్ళ చోటు అడిగి, అక్కడ కూర్చుని గీశాను. బస్సు డిపోలో డ్రైవరు నవ్వుతూ తన సీటిచ్చాడు, అంత ఎత్తు నుంచి దుకాణాల బోర్డుల మీద దుమ్ము తప్ప ఏమీ కనపడదు. మంగలి కుర్చీలో కూర్చుని చూస్తే ఎదురు కొట్టు పేరంతా అద్దంలో తిరగబడి ఉంటుంది, ఆయన దాన్ని అలాగే గడగడా చదవగలడు, పాతికేళ్ళ అలవాటు. ఆసుపత్రిలో పని చేసే ఆయా ఒకావిడ నన్ను చక్రాల మంచం మీద పడుకోబెట్టి వరండా చివరిదాకా తోసింది. దారి చూపే బోర్డులన్నీ నిలబడ్డవాళ్ళకే. పడుకున్న మనిషికి ఏ దారీ రాసి లేదు. ఎక్కడికి తీసుకెళ్తున్నారో తెలియకుండా పైకప్పు చూస్తూ వెళ్ళాలి. ఆ పేజీ గీసేటప్పుడు, పర్వతాలకి వెళ్ళనందుకు నాకు మొదటిసారి సంతోషమేసింది.

'మెల్లగా' అచ్చు కూడా మళ్ళీ కోశాను. ఈసారి రేకు మీద కాదు, ముందు రోడ్డు మీద, సుద్దతో. అమ్మ వ్యానులో కూర్చుంది. నేను గీశాను. చెయ్యి లేవలేదు. చెరిపి, జానెడు పెంచాను. లేవలేదు.

"ఇంకా ఎంతమ్మా?"

"నాకేం తెలుసు. నువ్వు గీయి, నేను చూస్తా."

బాబాయి టీ తాగి వచ్చాడు, ఇంకో టీ తాగి వచ్చాడు. ఆరోసారి, కింద గీతలు సన్నం చేసి పై గీతలు లావు చేశాక, కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. నేను రోడ్డు మధ్యలో సుద్ద చేతులతో గంతులేశాను. అప్పుడే అటు వచ్చిన సైకిలు మనిషి ఒకాయన, కింద ఉన్న మాట చదివి, నిజంగానే మెల్లగా వెళ్ళాడు.

కాలేజీ తెరిచే ముందు రోజు పరీక్ష. మేడం గదికి ముందు పొడుగాటి వరండా, దాని ఈ చివర ఒక పొట్టి బల్ల ఉంటుంది. పిలిచేదాకా విద్యార్థులు అక్కడే కూర్చోవాలి. ఎండాకాలానికి ముందు నేనూ అక్కడ కూర్చున్నాను. అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ గోడల మీద అంటించిన కాగితాలు చూడరు. తల దించుకుని నేలే చూస్తారు. అందుకని నా మాట నేల మీదే వేశాను: 'రండి'. అమ్మా బాబాయీ వ్యానులో సామానుతో వచ్చారు. తెల్లటి టేపు అంటించాం, ముందు రోజంతా పట్టింది. అక్షరాల కాళ్ళు బల్ల దగ్గర మొదలై గది గుమ్మం దాకా సాగాయి.

మేడం ఇంకో ఇద్దరు మాస్టార్లతో గుమ్మంలోంచి బయటికొచ్చారు. ముందు నా పుస్తకం తిరగేశారు. చక్రాల మంచం పేజీ దగ్గర ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ అక్కడికొచ్చారు. తర్వాత నేల చూశారు.

"ఏంటీ సాగదీత?" అన్నారు ఒక మాస్టారు.

"ఇక్కణ్ణుంచి కాదు సార్. ఆ బల్ల మీద కూర్చుని చూడాలి."

బల్ల మీద అప్పటికే మా అమ్మ కూర్చుని ఉంది, పని బట్టల్లో, హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని. మేడం అంత దూరమూ నడిచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. మేడం తల కొంచెం వంచారు.

"అలా కాదు మేడం గారూ," అంది అమ్మ. "ఇటు జరగండి కాస్త. అక్కణ్ణుంచి చివర గీత పక్కకి పోతుంది."

ముగ్గురు అధ్యాపకుల్లో పెద్దావిడ, మేమంతా పేరు చెబితే వణికే మనిషి, బుద్ధిగా పక్కకి జరిగారు. జరిగి చూశారు. ముఖంలో ఏమొచ్చిందో అంత దూరం నుంచి నాకు కనపడలేదు. మాస్టార్లిద్దర్నీ కూడా చేత్తో పిలిచారు. పొట్టి బల్ల మీద నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు.

"ఈ కొలత ఎవరు నేర్పారు నీకు?" అని అడిగారు మేడం నన్ను.

"ఆవిడే మేడం. మా అమ్మ. రోడ్ల మీద అక్షరాలు వేస్తుంది. పట్నమంతా అమ్మ వేసినవే." ఎంత గట్టిగా చెప్పానంటే వరండా అంతా మోగింది. బల్ల మీద చోటు లేక గుమ్మం పక్కన వంతు కోసం నిలబడ్డ నా స్నేహితులు కూడా విన్నారు. వినాలనే చెప్పాను.

మేడం అమ్మ వైపు తిరిగి, గీతలు కింద సన్నగా పైన లావుగా ఎందుకున్నాయని అడిగారు. అమ్మ చెప్పింది. ఎండలో అయితే ఎంత, వానలో అయితే ఎంత అని ఇంకేదో అడిగారు. అదీ చెప్పింది. నా పరీక్ష అన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఒక మాస్టారు దగ్గితే గుర్తొచ్చి, మేడం జాబితా కాగితం తెప్పించుకుని, అక్కడే మోకాలి మీద పెట్టుకుని నా పేరు రాశారు.

"వచ్చే ఎండాకాలం ఈ అమ్మాయిని మంచి స్టూడియోకి పంపిస్తానమ్మా. పెద్ద పని నేర్చుకుంటుంది," అన్నారు.

అమ్మ హెల్మెట్టుని ఒళ్ళో అటూ ఇటూ తిప్పింది. నన్ను ఎప్పుడూ ఎవరి ముందూ ఒక్క ముక్క పొగిడి ఎరగదు.

"పంపండి మేడం గారూ, కాదనను," అంది. "బళ్ళు తెరిచే ముందు పదిహేను రోజులు మాత్రం నాకు వదలండి. అచ్చు కోసే మనిషి నాకు ఇంకొకరు లేరు."

"పదిహేనా? స్టూడియో వాళ్ళు పది రోజులకి మించి సెలవివ్వరేమో."

"పదితో నాకు సరిపోదు."

నేను వరండా మధ్యలో, నా అక్షరాల పక్కన నిలబడే ఉన్నాను. బల్ల మీద ఇద్దరూ నా సెలవుల్ని పంచుకుంటున్నారు, పన్నెండు అంటే కాదు పధ్నాలుగని. నీకేం కావాలే అని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా అలాగే ఎంతసేపైనా నిలబడేదాన్ని.